అర టీఎంసీ ఊరు

అనంతపురం ఏడాదికి తాగే నీళ్లెన్ని? లెక్క పెద్ద కష్టమేమీ కాదు. 2011 జనాభా లెక్కల్లో నగరంలో సుమారు 2.6 లక్షల మంది ఉన్నారు. మనిషికి రోజుకు 135 లీటర్లన్నది పట్టణాలకు పెట్టుకున్న ప్రమాణం. గుణిస్తే రోజుకు మూడున్నర కోట్ల లీటర్లు. ఒక టీఎంసీ అంటే 2,831 కోట్ల లీటర్లు. కాబట్టి ఊరంతా ఏడాది పొడుగునా తాగినా, వండుకున్నా, స్నానాలు చేసినా అర టీఎంసీ దాటదు. జనం పెరిగారనీ, పైపుల్లో కారిపోతుందనీ అంటారా, ఒక టీఎంసీ వేసుకోండి. తుంగభద్ర డ్యాము కట్టిననాడు పట్టేది 133 టీఎంసీలు, పూడిక పోగా ఇప్పుడు 105. అందులో ఒక్కటి మా ఊరి కొళాయికి చేరడానికి ఇంత రాజకీయం ఎందుకు నడిచిందో, తుంగభద్ర ఎగువ కాలువ (హెచ్చెల్సీ) మీద వర్క్ ఇన్‌స్పెక్టరుగా రిటైరైన నాబోటి వాడు కూడా చెప్పగలడు.

ఊరు పుట్టిందే నీళ్ల కోసం. 1364లో మొదటి బుక్కరాయల దివాను చిక్కప్ప ఒడెయరు పండమేరు వంకకు అడ్డంగా కట్ట వేయించాడు. కట్ట రెండు కొసల్లో రెండు ఊళ్లు వెలిశాయి. ఒకటి రాజు పేరిట బుక్కరాయసముద్రం. రెండోది అనంతసాగరం, అదే మా అనంతపురం. అది రాణి పేరని చెప్పుకుంటారు. ఏడాదికి 550 మిల్లీమీటర్లు కురిసే సీమలో కట్ట వేయడమంటే, మూడు నాలుగు గట్టి వానల్ని పట్టుకుని మిగతా ఏడాదంతా వాడుకోవడం.

పాత తూము చూసినవాళ్లు ఇప్పుడు తక్కువ. చెరువు లోపల, కట్టకు కాస్త ఎడంగా, రెండు రాతి స్తంభాలు నిలబెట్టి వాటి మధ్య అడ్డరాళ్లు బిగిస్తారు. అడ్డరాళ్ల నడుమ రంధ్రాలు. వాటిలోంచి నిలువుగా ఒక పొడవాటి కొయ్య దిగుతుంది, దాని కింది కొసన బిరడా. అది అడుగురాతి బొక్కలో కూర్చుంటే తూము మూసినట్టు, జానెడు ఎత్తితే ఒక పారుదల, మూరెడు ఎత్తితే మరో పారుదల. ఎత్తేవాడు నీరుగంటి. చలికాలం తెల్లవారుజామున కూడా మొలలోతు నీళ్లలో దిగాల్సిందే. ఎవరి మడవ ఎప్పుడు తెరవాలో, ఎవరిది ఎప్పుడు కట్టాలో అతనే చెప్పేవాడు. నీళ్లు చాలని ఏడు ఆయకట్టులో ఎన్ని కయ్యలు నాటాలో పెద్దలంతా కూర్చుని తేల్చేవాళ్లు, అమలు మాత్రం నీరుగంటిది. కూలి రోజువారీ కాదు. కల్లంలో మేర, పైన కాస్త మాన్యం.

చెరువు కట్టినవాడికీ, తెగితే పూడ్చినవాడికీ దశబంధం ఇనాం ఉండేది. భూమికి శిస్తు మాఫీ, బదులుగా మరమ్మతు బాధ్యత. పని మానేస్తే ఇనాం పోతుంది. 1800లో నిజాం దత్తమండలాలను ఈస్టిండియా కంపెనీకి అప్పగించాక మొదటి ప్రిన్సిపల్ కలెక్టరుగా వచ్చిన థామస్ మన్రో మకాం పెట్టింది అనంతపురంలోనే. ఆయన ఇక్కడ తేల్చుకోవాల్సిన చిక్కుల్లో ఈ ఇనాములదీ పెద్ద వాటా. తర్వాత పెద్ద చెరువులు పబ్లిక్ వర్క్స్ శాఖ కిందికి పోయాయి. 1956లో ఇనాముల రద్దు చట్టం వచ్చి ఆ భూములను రైత్వారీ పట్టాల్లోకి మార్చింది. చట్టం ఉద్దేశం మంచిదే, దున్నేవాడికి భూమి దక్కింది. కానీ భూమికి ముడేసిన మరమ్మతును ఎవరి మెడకు చుట్టాలో అప్పుడే తేల్చి ఉండాల్సింది.

చెరువు తెగుతుందన్న భయం ఈ ఊళ్ల ఎముకల్లో ఉంది. బుక్కరాయసముద్రం కట్ట తెగబోతే బసిరెడ్డి చిన్న కోడలు ముసలమ్మ గండికి బలిగా నడిచిపోయిందన్న కథ ఇక్కడ పిల్లలకూ తెలుసు. 1899లో కట్టమంచి రామలింగారెడ్డి విద్యార్థిగా ఉండగా రాసిన ‘ముసలమ్మ మరణము’ దానికి సాహిత్యంలో చోటిచ్చింది. ఆ త్యాగాన్ని అందరూ పొగుడుతారు. నాకైతే ముందు వచ్చే అనుమానం వేరు: ఆ ఏడు మరవ దగ్గర పూడిక తీయించాల్సినవాడు ఎవడని.

ఇక తుంగభద్ర. దాన్ని సీమకు తిప్పాలని 1860లోనే కాటన్ అన్నాడు, 1901లో ఇంజినీరు మెకంజీ పథకం గీశాడు. కాగితాలు కదిలాయి, నీళ్లు కదల్లేదు. 1937 నవంబరు 16న మద్రాసులో కాశీనాథుని నాగేశ్వరరావు గారింట్లో కోస్తా, సీమ నాయకుల మధ్య కుదిరిన శ్రీబాగ్ ఒడంబడికలో తుంగభద్ర, కృష్ణా, పెన్నా నీళ్లలో పదేళ్లపాటు సీమకే తొలి ప్రాధాన్యం అని రాసుకున్నారు. మా జిల్లా నుంచి కల్లూరు సుబ్బారావు, పప్పూరి రామాచార్యులు సంతకాలు పెట్టారు. 1945లో డ్యాముకు పునాది పడింది. అప్పటికి డ్యాము చోటైన హోస్పేట ఉన్న బళ్లారి జిల్లా, మాదీ మద్రాసు రాష్ట్రంలోనివే. ఆ మాటకొస్తే 1882 దాకా అనంతపురం బళ్లారిలో భాగం.

1953 అక్టోబరు 1న ఆంధ్ర రాష్ట్రం వచ్చింది. బళ్లారి మైసూరుకు పోయింది, దానితో పాటు డ్యామూ పోయింది. రాష్ట్రం వచ్చిందని అందరం పండగ చేసుకున్నాం గానీ, ఆ రోజు నుంచి మా నీళ్లకు పై ఊరు పరాయి రాష్ట్రం. మా చరిత్రలో 1364 తర్వాత అంత ముఖ్యమైన తేదీ ఇదేనని నా అభిప్రాయం. పంపకం చూడటానికి తుంగభద్ర బోర్డు ఏర్పడింది. కృష్ణా జలాల మీద బచావత్ ట్రిబ్యునల్ ఇచ్చిన 1976 తుది తీర్పులో హెచ్చెల్సీ కింద ఆంధ్రకు 32.5 టీఎంసీలు. మా ఊరు పెన్నా పరీవాహకంలో ఉంది, తాగేది కృష్ణా పరీవాహకం నీళ్లు.

ఆ 32.5 ఏటా వస్తుందనుకోకండి. డ్యాముకు ఎంత చేరుతుందో ముందుగా అంచనా కట్టి, తగ్గితే అందరికీ దామాషాలో కోస్తారు. మన ఇంజినీర్లు ఇండెంటు పెడితే బోర్డు వదులుతుంది. కాలువ సుమారు 105 కిలోమీటర్లు కర్ణాటకలో పారి సరిహద్దు దాటుతుంది. అక్కడి గేజీ మీద అంగుళం తగ్గితే ఫోన్లు మోగుతాయి. నీళ్లు పెన్నా అహోబిలం బ్యాలెన్సింగ్ రిజర్వాయరు (పీఏబీఆర్)కు చేరాలి, అక్కడి నుంచి ఊరికి. దారిపొడుగునా గట్టు మీద మోటార్లు. వేసవికి ముందు ‘తాగునీటికి మాత్రమే’ అని వదిలిన నీళ్లకు కాపలాగా రాత్రిళ్లు లస్కర్లతో గట్టు వెంట తిరిగేవాళ్లం. ఒక రైతు మోటారు కట్టేయమంటే ఇలా అన్నాడు: “ఏం సారూ, టౌనోళ్లు తాగితే తాగడం, మా చీనీచెట్లు తాగితే దొంగతనమా?” రూలు ప్రకారం జవాబుంది. ఎండిన చీనీ తోటలో నిలబడి చెప్పాలంటే మాత్రం నోరు రాదు.

ఊరి అర టీఎంసీ ఒంటరిగా ప్రయాణం చేయలేదు. కాలువ నిండుగా పారితేనే చివరికి కొంతైనా చేరుతుంది, పారితే రైతు చూస్తూ కూర్చోడు. అందుకే 2005లో కర్నూలు–కడప కాలువ వాటాలోంచి 10 టీఎంసీలను తాగునీటి పేరుతో పీఏబీఆర్‌కు మళ్లించారు. కేసీ రైతుకు శ్రీశైలం నుంచి సర్దుతామన్నారు. మాకు సంతోషమే, వాళ్లకు కడుపుమంట. అది న్యాయమైన మంటే. 1860ల్లో మద్రాసు ఇరిగేషన్ కంపెనీ తవ్విన కాలువ మీద తరాలుగా బతికినవాళ్లు వాళ్లు. పైగా కాగితం మీది పది పీఏబీఆర్‌లో పదిగా కనిపించని ఏళ్లే ఎక్కువ.

2024 ఆగస్టు 10 రాత్రి డ్యాము 19వ గేటు గొలుసు తెగి కొట్టుకుపోయింది. వారం రోజుల్లో, తెలుగువాడైన గేట్ల నిపుణుడు కన్నయ్యనాయుడు సలహాతో స్టాప్‌లాగ్ దించారు గనక సరిపోయింది. ఆ వారం మా ఊళ్లో నీళ్ల గురించి తెలిసిన ఎవరికీ నిద్ర లేదు. ఎక్కడో హోస్పేటలో ఒక గొలుసు, ఇక్కడ మన బిందె.

గుమ్మం ముందున్న చెరువును మాత్రం పట్టించుకోం. 2022 అక్టోబరులో పండమేరు పొంగి కాలనీలు మునిగాయి. నీళ్లు కొత్తగా దారి తప్పలేదు, వాటి దారిలో మనం ఇళ్లు కట్టుకున్నాం. తుంగభద్ర వాటా కోసం ఢిల్లీ దాకా పోవాలి, పండమేరు కోసం కలెక్టరేటు దాకా పోతే చాలు. పండమేరు, నడిమివంక వాగుల అసలు వెడల్పెంతో పాత రెవెన్యూ పటాల్లో ఉంటుంది. ఆ పటాలు బయటికి తీసి, సర్వే చేయించి, వచ్చే వానాకాలం లోపల హద్దురాళ్లు నాటించండి. రాళ్లు నాటిన రోజున మీ వీధి కార్పొరేటరును వెంటబెట్టుకుని వెళ్లి చూసి రండి.