తాళంచెవి ఎవరి చేతిలో?

పశువుల సంతలో కండువా కింద వేళ్లు పట్టుకొని బేరమాడే పద్ధతి మనకు కొత్తది కాదు. ధర ఆ ఇద్దరికే తెలుస్తుంది. చుట్టూ నిలబడినవారికి తెలియదు. వాణిజ్యమూ రహస్యమూ ఏనాటినుంచో కలిసి నడుస్తున్నవే. నేడు మొయినాబాదు, చేవెళ్ల రోడ్డు పక్కన పూలూ కూరగాయలూ అమ్మే రైతుస్త్రీ ముందు కండువాకు బదులు క్యూఆర్ కోడు అట్ట వున్నది. ఆమె ఖాతాకు పోయే డబ్బు సందేశాన్ని దారిలో ఎవరూ చదవకుండా, మార్చకుండా కాపాడేది ఎన్‌క్రిప్షన్ అనే గూఢలిపి. ఈ గూఢలిపి విషయంలో మన ప్రభుత్వం నడిచిన దారి యేది?

ఈ చరిత్ర వైరుధ్యంతోనే మొదలవుతుంది. ప్రైవేటు ఇంటర్నెట్ కంపెనీల లైసెన్సుల్లో ఒక షరతు వుండేది: 40 బిట్లకు మించిన గూఢలిపి వాడదలచినవారు అనుమతి పొంది, తాళంచెవిని రెండు ముక్కలుగా అధికారులకు అప్పగించాలి. కాని 40 బిట్ల తాళాన్ని 1997 జనవరిలోనే అమెరికాలోని బర్కిలీ విద్యార్థి ఇయాన్ గోల్డ్‌బర్గ్ అనేక కంప్యూటర్లను కలిపి మూడున్నర గంటల్లో ఛేదించాడు. అంటే పౌరునికి స్వేచ్ఛగా వదిలినది అప్పటికే విరిగిన తాళమన్నమాట! ఎలక్ట్రానిక్ వాణిజ్యానికి చట్టబద్ధత కల్పిస్తూ 2000లో సమాచార సాంకేతిక చట్టం వచ్చింది. 2001 జూన్‌లో రిజర్వుబ్యాంకు, ఇంటర్నెట్ బ్యాంకింగుకు కనీసం 128 బిట్ల భద్రత వుండాలన్నది. ఒక శాఖ అనుమతి లేనిదే కూడదన్నదాన్ని మరొకటి తప్పనిసరి చేసింది.

గూఢలిపి పద్ధతులను నిర్ణయించే అధికారాన్ని 2008 సవరణ, 84ఎ సెక్షను ద్వారా కేంద్రానికి ఇచ్చింది. ఆ అధికారంతో 2015 సెప్టెంబరులో ముసాయిదా విధానం వెలువడింది. పౌరుడు తాను గూఢలిపిలో పంపిన ప్రతి సందేశపు మామూలు ప్రతిని 90 రోజులు దాచి, అడిగినప్పుడు చూపాలట! నిరసన రేగగానే వాట్సాప్ వంటి సామాజిక మాధ్యమాలకూ, బ్యాంకింగుకూ, ఆన్‌లైన్ వ్యాపారానికీ మినహాయింపు ప్రకటించారు. సెప్టెంబరు 22న ముసాయిదానే ఉపసంహరించుకున్నారు.   వ్యక్తిగత గోప్యత ప్రాథమిక హక్కు అని సుప్రీంకోర్టు తొమ్మిదిమంది న్యాయమూర్తుల ధర్మాసనం 2017 ఆగస్టు 24న తీర్పు చెప్పేదాకా ఆ హక్కు వివాదాస్పదంగానే వుండిపోయింది.

నేరస్థులు కూడా గూఢలిపి వాడతారు గదా అని కొందరంటారు. నిజమే. నేరపరిశోధన అవసరాన్ని మనం కాదనలేము. కాని ప్రతి తాళానికీ దాచివుంచిన రెండవ చెవి, పోలీసు చేతికీ దొంగ చేతికీ తేడా తెలుసుకోలేదు. పైగా రైతుస్త్రీని మోసగించేవాడు గూఢలిపిని ఛేదించనక్కరలేదు; ఫోనుచేసి, మాయమాటలతో ఓటీపీ చెప్పించుకొంటాడు. ఆమెకు కావలసినవి రెండు: గట్టి తాళమూ, తాళంచెవిని ఎవరికీ ఇవ్వరాదన్న చదువూ. చెవి అప్పగించమని ప్రభుత్వమే అలవాటు చేస్తే, ఆ చదువు చెప్పేదెవరు?

వ్యాపారి లెక్కకూ, విద్యార్థి ఉత్తరానికీ, కార్మికసంఘం సంప్రదింపులకూ ఒకే తాళం కావాలి. అదే ప్రజాస్వామ్య విధానం.