లంగరును తూచేదెవరు?

‘వెయ్ యాంకర్’ అన్న ఇంగ్లిషు మాట చదివితే, ఓడ కదిలే ముందు లంగరును త్రాసులో వేసి తూచారా ఏమిటి అని సందేహం రావడం సహజం. ఇక్కడ తూకం ఊసే లేదు. పాత ఇంగ్లిషులో ‘వెగన్’ అంటే మోయడం, ఎత్తడం. ఎత్తి చూస్తేనే బరువు తెలుస్తుంది కాబట్టి అదే మాటకు తూచడమన్న అర్థమూ వచ్చి చేరింది. రానురాను ఊళ్ళో జనం నోట కొత్త అర్థం నిలిచింది, పాతది రేవులో మిగిలింది. సరుకు మోసే వ్యాగన్‌దీ, దారి అనే ‘వే’దీ ఇదే వంశం.

ఎత్తడమంటే మాటలా! తెరచాప ఓడల్లో డెక్ మీద ‘కాప్‌స్టన్’ అని నిలువు ఇరుసు ఉండేది. దాని తల చుట్టూ ఉన్న రంధ్రాల్లో పొడవాటి కర్రలు దూర్చి, కర్రకు కొందరు చొప్పున రొమ్ము ఆనించి గుండ్రంగా తిరిగేవారు. బురదలో కూరుకుపోయిన లంగరు కొద్దికొద్దిగా పైకి వచ్చేది. అడుగులు కలవాలంటే పాట కావాలి. వర్తక నౌకల ‘షాంటీ’లు ఇలాంటి చాకిరీలో పుట్టినవే. లంగరు సముద్రపు అడుగును వదిలిందంటే అది ‘అవెయ్’ అయినట్టు. 1906లో బాణీ కట్టిన అమెరికా నౌకాదళ గీతానికి ‘యాంకర్స్ అవెయ్’ అన్న పేరు అక్కడిదే.

ఇంగ్లిషువాళ్ళ నోట ‘వెయ్’, ‘వే’ ఒక్కలాగే పలుకుతాయి. దాంతో ఒక తికమక వచ్చిపడింది. ‘అండర్ వే’ డచ్చి నావికుల మాట నుంచి వచ్చింది, దారిలో ఉన్నామని అర్థం. అదీ లంగరెత్తడం గురించే అనుకుని ‘వెయ్’ స్పెల్లింగుతో రాసినవాళ్ళలో పేరున్న రచయితలూ ఉన్నారు. 1972 నాటి అంతర్జాతీయ నౌకాయాన నిబంధనల్లో దీనికి అర్థం మరీ తమాషా: లంగరు వేయకుండా, ఒడ్డుకు కట్టకుండా, నేలకు తగులుకోకుండా ఉంటే చాలు, ఇంజిన్ ఆపి ఊరికే తేలుతున్న ఓడ కూడా ‘అండర్ వే’ కిందే లెక్క.

విమానం ఎక్కేవాళ్ళనూ ఓడ వదల్లేదు. ‘బోర్డింగ్ పాస్’లోని బోర్డు ఒకప్పుడు ఓడ పక్క చెక్క. ఇక వీడ్కోలు మాటలకొస్తే, ‘ఫేర్‌వెల్’లో ఫేర్ అంటే ప్రయాణించడం, చల్లగా వెళ్ళమని దీవెన. ఆ ఫేరే ఇవాళ బస్సు ఛార్జీ అయి కూర్చుంది. ‘గాడ్‌స్పీడ్’లో స్పీడ్ వేగం కాదు, కార్యసిద్ధి.

దారి పట్టడమనే అర్థమున్న ‘హిట్ ద రోడ్’ మాత్రం పక్కా అమెరికా సరుకు. 1961లో రే చార్ల్స్ పాడిన ‘హిట్ ద రోడ్ జాక్’ దాన్ని ప్రపంచమంతా తిప్పింది. ప్రయాణాల పాట అనుకుని కారులో పెట్టుకునేవాళ్ళు ఒకసారి శ్రద్ధగా వినండి. అందులో ఉన్నది ప్రయాణం కాదు, గెంటివేత.