తెప్ప దాటిన నాచు

మన్నార్ సింధుశాఖలోని క్రుసడై దీవి దగ్గర పగడాల మీద ‘కప్పాఫైకస్ అల్వరేజీ’ అనే ఎర్ర నాచు పరుచుకుంటోందని 2008లో ‘కరెంట్ సైన్స్’ పత్రికలో ఒక పరిశోధక బృందం ప్రకటించింది. ఈ నాచుది ఆ సముద్రం కాదు, ఫిలిప్పీన్స్ ప్రాంతం. ఆహార పదార్థాలను, టూత్‌పేస్టును చిక్కబరిచే క్యారజీనన్ కోసం 1980ల్లో దీన్ని మన దేశానికి తెచ్చారు. 2000 తర్వాత తమిళనాడులోని రామనాథపురం తీరంలో వెదురు తెప్పల మీద సాగు పెరిగింది. సుమారు 45 రోజులకు ఒక కోత. ఎందరో మత్స్యకార మహిళలకు ఈ పంట నిజంగానే ఆదాయం తెచ్చింది. ఆ మాట పక్కనపెట్టి నష్టాల గురించి మాత్రమే మాట్లాడటం న్యాయం కాదు.

ఇది వ్యాపించడానికి సిద్ధబీజాలు అక్కర్లేదు, ముక్క చాలు. అలలకు తెగిన కొమ్మ పగడాల సందుల్లో చిక్కుకుంటే అక్కడే పెరుగుతుంది. పగడం కణాల్లో ఉండే సూక్ష్మ శైవలాలకు వెలుతురు కావాలి. పైన నాచు మందంగా కమ్మితే అది అందదు. క్రుసడైలో ఎక్కువగా దెబ్బతిన్నవి కొమ్మల్లా పెరిగే అక్రోపొరా పగడాలు. అయితే ఎంత మేరకు వ్యాపించిందన్న దానిపై ఏకాభిప్రాయం లేదు. మొత్తం పగడపు దిబ్బల్లో అది చాలా చిన్న భాగమేనని సాగును సమర్థించే శాస్త్రవేత్తలు వాదించారు. ఆ తర్వాతి సర్వేల్లో పొరుగు దీవుల దగ్గర కూడా ఇది కనిపించింది. నాటుకున్న చోట పగడానికి హాని జరిగిందన్నంత వరకు ఆధారాలు బలంగా ఉన్నాయి. సింధుశాఖ అంతా కమ్మేస్తుందని చెప్పడానికి అవి చాలవు.

నియంత్రణ గురించి ఎక్కువ నేర్పేది హవాయిలోని కానియోహి అఖాతం. 1970ల్లో అక్కడ ప్రయోగాల కోసం తెచ్చిన కప్పాఫైకస్ ఏడాదికి సుమారు 250 మీటర్ల చొప్పున వ్యాపించిందని 1999లో ప్రచురితమైన అధ్యయనం అంచనా వేసింది. చేతులతో పీకేస్తే కొన్ని నెలల్లోనే మళ్లీ మొలిచింది, ఎందుకంటే సందుల్లో మిగిలిన తునకలను ఏ చెయ్యీ పూర్తిగా తీయలేదు. తర్వాత పంటు మీద పంపు పెట్టి, గజఈతగాళ్లు పీకిన నాచును గొట్టంతో పైకి లాగారు. అలా తీసినదాన్ని చేమ రైతులు ఎరువుగా వాడుకున్నారు. మిగిలిన తునకలను మేయడానికి హేచరీలో పెంచిన స్థానిక సముద్రపు అర్చిన్లను దిబ్బల మీద వదిలారు. ఈ రెండూ కలిపి చేసిన చోట రెండేళ్లలో పరాయి నాచు 85 శాతం తగ్గిందని 2018 నాటి అధ్యయనం తేల్చింది. తగ్గింది, పోలేదు. పైగా అది మూసుకున్నట్టుండే అఖాతం, అర్చిన్లు అక్కడి జీవులే. అదే పద్ధతి మరోచోట అంతే ఫలితం ఇస్తుందని ముందే అనుకోకూడదు.

పూర్తిగా తుడిచిపెట్టిన ఉదాహరణ కాలిఫోర్నియాలో ఉంది, కానీ నాచు వేరు. 2000 జూన్‌లో కార్ల్స్‌బాడ్ దగ్గరి ఉప్పుటేరులో కౌలెర్పా అనే నాచు కనిపించింది. మూడు వారాల్లోపే పని మొదలుపెట్టి, దాన్ని నల్ల పట్టాల కింద కప్పి క్లోరిన్ పంపారు. అది పోయిందని 2006లో ప్రకటించే నాటికి 70 లక్షల డాలర్లకు పైగా ఖర్చయింది. మధ్యధరా సముద్రంలో ఇదే నాచు 1984లో మొనాకో దగ్గర చదరపు మీటరంత ఉన్నప్పుడే కనిపించినా అప్పుడు తీయలేదు. అది తర్వాత అనేక దేశాల తీరాలకు పాకింది.

ఆంధ్ర తీరంలో కూడా సముద్ర నాచు సాగును ప్రోత్సహిస్తున్నారు. ఇక్కడ మన్నార్ లాంటి పగడపు దిబ్బలు లేవు కాబట్టి అక్కడి నష్టమే ఇక్కడా జరుగుతుందని చెప్పలేం. ప్రమాదమే లేదనడానికీ అది ఆధారం కాదు. 2005లో తమిళనాడు ప్రభుత్వం ఈ సాగును పాక్ అఖాతానికి ఉత్తరాన, తూత్తుకుడి తీరానికి దక్షిణాన ఉన్న సముద్ర జలాలకు పరిమితం చేసింది. మన తీరంలో కూడా చోటు నిర్ణయమే మొదట జరగాలి. తెప్పలు దించక ముందే రాతి నేలలను, స్థానిక నాచులను గజఈతగాళ్లతో లెక్కించాలి. ప్రతి తుఫాను తర్వాతా తెగిన ముక్కల కోసం అవే చోట్ల మళ్లీ వెతకాలి. ఆ ఖర్చును సాగు పథకం బడ్జెట్‌లోనే చూపాలి.