ఇస్లామీయ చరిత్రలో చెరసాల - ఖైదీల వర్గీకరణ

అరబీ భాషలో నిర్బంధానికి ప్రధానంగా రెండు పదాలున్నాయి. ఒకటి ‘సిజ్న్’, రెండవది ‘హబ్స్’. సిజ్న్ అంటే చెరసాల. గోడలూ, తలుపూ, కావలీ ఉన్న కట్టడం. హబ్స్ అంటే ఆపివేయడం, నిలిపి ఉంచడం. ఫిఖ్హ్ గ్రంథాలలో ఎక్కువగా కనిపించేది ఈ రెండవ పదమే. హిజ్రీ 751 (క్రీ.శ. 1350)లో పరమపదించిన ఇమామ్ ఇబ్నుల్ ఖయ్యిమ్ ఈ భేదాన్ని విశదపరిచారు. షరీఅత్ ఉద్దేశించిన నిర్బంధం మనిషిని ఇరుకు చోట కుక్కడం కాదనీ, అతడు ఇష్టం వచ్చినట్లు తిరగకుండా నిలిపి ఉంచడమేననీ, అది ఇంట్లోనైనా, మస్జిదులోనైనా, హక్కుదారు అతని వెంట ఉండడం ద్వారానైనా కావచ్చుననీ ఆయన వ్రాశారు.

ఈ నిర్వచనంలోంచి సహజంగానే ఒక ప్రశ్న పుడుతుంది. నిలిపి ఉంచారు, సరే. ఎవరి హక్కు కోసం? ఎంతవరకు? చెరలో ఉన్న ప్రతి మనిషి విషయంలోనూ ఈ ప్రశ్న వేసి, జవాబును బట్టి అతని చోటును, తిండిని, బేడీని, విడుదలను నిర్ణయించడమే ఖైదీల వర్గీకరణ. నేటి జైళ్ల పాలనలో ఇది పెద్ద శాస్త్రంగా పెరిగింది. అయితే ఇస్లామీయ చరిత్రలో దీనికి తొలి శతాబ్దం నుంచే స్పష్టమైన ఆదేశాలున్నాయి. ఆ ఆదేశాలు ఎలా రూపొందాయో, ఎక్కడ నిలిచాయో, ఎక్కడ కూలిపోయాయో పరిశీలించడం అవసరం.

తొలి కాలం

దైవప్రవక్త (స) కాలంలో మదీనాలో ప్రత్యేకంగా చెరసాల అనే కట్టడం లేదు. బనూ హనీఫా నాయకుడు సుమామా బిన్ ఉసాల్ పట్టుబడినప్పుడు అతన్ని మస్జిదె నబవీ స్తంభానికి కట్టి ఉంచారు. దైవప్రవక్త (స) రోజూ అతన్ని పలకరించి, మూడవ రోజున విడిచిపెట్టమన్నారు. స్వేచ్ఛ పొందిన తర్వాతనే అతడు ఇస్లాం స్వీకరించాడు. తయ్ తెగ నుంచి హాతిమ్ కుమార్తె బందీగా వచ్చినప్పుడు ఆమెను స్త్రీ బందీలను ఉంచే ఆవరణలో, మస్జిదు ద్వారం దగ్గర ఉంచినట్లు సీరత్ గ్రంథాలు చెబుతున్నాయి. అంటే కట్టడం లేని రోజుల్లో కూడా స్త్రీలకు వేరు చోటు ఉండేదన్నమాట.

పిల్లిని కట్టివేసి, తిండి పెట్టక, వదలనూ వదలక చంపిన స్త్రీ నరకశిక్షకు గురైందన్న హదీసు ప్రసిద్ధమైనదే. బంధించినవాడే పోషణకు బాధ్యుడన్న సూత్రం అందులో ఇమిడి ఉంది. పిల్లి విషయంలోనే ఇంత కఠినమైతే మనిషి మాట వేరే చెప్పాలా?

రాజ్యం విస్తరించాక హజ్రత్ ఉమర్ (రజి) ఖిలాఫత్ కాలంలో మక్కాలో సఫ్వాన్ బిన్ ఉమయ్యా ఇంటిని నాలుగు వేల దిర్హములకు కొని చెరసాలగా మార్చారని కథనం. కూఫాలో హజ్రత్ అలీ (రజి) మొదట రెల్లుతో ఒక చెరసాల కట్టించి దానికి ‘నాఫిఅ’ (మేలు చేసేది) అని పేరు పెట్టారు. దొంగలు దానికి కన్నం వేసి పారిపోగా, మట్టిగోడలతో మరొకటి కట్టించి ‘ముఖయ్యిస్’ (లొంగదీసేది) అన్నారు. పేరు మారిన తీరులోనే చెరసాల స్వభావం ఎటు నడిచిందో తెలుస్తుంది.

ఉమర్ బిన్ అబ్దుల్ అజీజ్ ఉత్తరాలు

ఉమవీ పాలనలో ఇరాక్ గవర్నరైన హజ్జాజ్ బిన్ యూసుఫ్ హిజ్రీ 95 (క్రీ.శ. 714)లో మరణించాడు. అతని చెరసాలలో స్త్రీ పురుషులను ఒకే చోట ఉంచేవారనీ, ఎండకూ వానకూ అడ్డుగా పైకప్పు కూడా ఉండేది కాదనీ చరిత్రకారుడు మస్ఊదీ వ్రాశాడు. మూడేళ్ల తర్వాత ఖలీఫా పదవికి వచ్చిన హజ్రత్ ఉమర్ బిన్ అబ్దుల్ అజీజ్ (పాలన క్రీ.శ. 717-720) తన అధికారులకు పంపిన ఉత్తరాలను ఈ నేపథ్యంలో చదవాలి.

ఇబ్ను సఅద్ తన ‘తబఖాత్’లో భద్రపరచిన ఆదేశాల సారాంశమిది: బాకీ కోసం నిర్బంధించినవారిని దుర్మార్గులతో కలిపి ఒకే ఇంట్లో, ఒకే చెరలో ఉంచవద్దు. స్త్రీలకు ప్రత్యేక చెరసాల ఏర్పరచాలి. దిక్కూ ధనమూ లేని రోగులను కనిపెట్టి చూడాలి. చెరసాలపై నియమించే అధికారి నమ్మకస్థుడై, లంచం పుచ్చుకోనివాడై ఉండాలి. లంచగొండి ఎవరేం చెబితే అది చేస్తాడు. ఇమామ్ అబూ యూసుఫ్ ఉటంకించిన మరొక ఉత్తరంలో, నిలబడి నమాజు చేయలేనంతగా ఏ ముస్లిమునూ బంధించరాదనీ, హత్యానేరం మోపబడినవాడు తప్ప మరెవరూ రాత్రిపూట బేడీలతో గడపరాదనీ ఉంది.

ఈ వర్గీకరణకు ఆధారమేమిటో గమనించాలి. వంశం కాదు, తెగ కాదు, హోదా కాదు. నిర్బంధానికి కారణమేమిటి, ఆ మనిషి బలహీనత ఏమిటి అన్నవే రెండు కొలమానాలు. బాకీదారు దొంగల మధ్య చెడిపోకూడదు. స్త్రీ గౌరవానికి భంగం రాకూడదు. రోగి దిక్కులేక చావకూడదు. విభజన ఉద్దేశం ఖైదీని కాపాడడం. లంచం మాట ఆ ఉత్తరంలోనే ఉండడం కూడా యాదృచ్ఛికం కాదు. ఎవరిని ఎక్కడ ఉంచాలో నిర్ణయించే అధికారం జైలరు చేతిలో ఉన్నప్పుడు మంచి చోటుకు ధర పలకడానికి ఎంతోసేపు పట్టదు.

పేర్ల జాబితా

ఇమామ్ అబూ హనీఫా శిష్యుడు, ఖలీఫా హారూన్ రషీద్ కాలపు ప్రధాన ఖాజీ ఇమామ్ అబూ యూసుఫ్ (మరణం హిజ్రీ 182, క్రీ.శ. 798) తన ‘కితాబుల్ ఖరాజ్’లో ఖైదీల విషయమై ప్రత్యేకంగా వ్రాశారు. ఆయన గురువు క్రీ.శ. 767లో బాగ్దాదు చెరలోనే కన్నుమూశారని ప్రసిద్ధి. కనుక చెరసాల సంగతి ఆయనకు పుస్తకాల్లో చదివి తెలుసుకోవలసినది కాదు.

ఆనాడు ఖైదీలు ఆకలికి తాళలేక సంకెళ్లతోనే వీధుల్లోకి వచ్చి బిచ్చమెత్తేవారు. ముస్లిం బందీల పట్ల అవిశ్వాసులు సైతం ఇలా చేస్తారని తాననుకోవడం లేదని అబూ యూసుఫ్ ఖలీఫాకు నిర్మొహమాటంగా తెలిపారు. ప్రతి ఖైదీకీ నెలకు పది దిర్హములు ఇవ్వాలనీ, రొట్టెల రూపంలో ఇస్తే కావలివారు కాజేస్తారు గనుక నగదుగా, పేరు పిలిచి, చేతికే ఇవ్వాలనీ సూచించారు. అందుకోసం ఒక నమ్మకస్థుడు ఖైదీల పేర్లన్నీ వ్రాసి ఉంచుకోవాలి. చలికాలంలో చొక్కా, కప్పుకునే దుప్పటి. వేసవిలో చొక్కా, లుంగీ. స్త్రీలకు వీటితోపాటు తలకప్పు ఇవ్వాలి. దిక్కులేక మరణించిన ఖైదీకి బైతుల్ మాల్ ఖర్చుతో గుస్ల్, కఫన్ జరిపి జనాజా నమాజు చేసి ఖననం చేయాలి.

అయితే ఆయన చెప్పిన వాటిలో అత్యంత విలువైన మాట వేరే ఉంది. చెరసాలలు నిండిపోవడానికి కారణం నేరాలు పెరగడం మాత్రమే కాదు, ఖైదీల వ్యవహారాలను ఎవరూ విచారించకపోవడమే అన్నారు. వారి సంగతి నిత్యం విచారించాలి. శిక్షార్హుడికి శిక్ష విధించి పంపివేయాలి. ఏ వ్యాజ్యమూ లేనివాణ్ణి విడిచిపెట్టాలి. పన్నెండు వందల ఏళ్లు దాటినా ఈ మాటకు పాతదనం రాలేదు.

తర్వాతి ఫుఖహాలు ఈ విచారణకు ఒక పద్ధతి ఏర్పరచారు. ఇమామ్ ఖస్సాఫ్ (మరణం హిజ్రీ 261, క్రీ.శ. 874) ‘అదబుల్ ఖాజీ’ ప్రకారం, కొత్తగా నియమితుడైన ఖాజీ మొదట చేయవలసిన పనులలో ఒకటి చెరసాలకు నమ్మకస్థులను పంపి ఖైదీల పేర్లు, తండ్రుల పేర్లు, నిర్బంధానికి కారణం, ఎవరి ఫిర్యాదుపై నిర్బంధించారన్నది వ్రాయించడం. ఫలానా ఖైదీపై హక్కు ఉన్నవారు రావాలని ఊరంతా చాటింపు వేయిస్తారు. ఎవరూ రాకపోతే జామీను తీసుకుని అతన్ని విడిచిపెడతారు. మునుపటి ఖాజీ నిర్బంధించాడన్న ఒక్క మాట అతన్ని అట్టే ఉంచడానికి చాలదు. పన్నెండవ శతాబ్దపు మర్గీనానీ ‘హిదాయా’లోనూ ఈ పద్ధతే కనిపిస్తుంది. భారతదేశపు మదరసాలలో తరతరాలుగా బోధించిన ఈ గ్రంథాన్నే చార్లెస్ హామిల్టన్ ఈస్టిండియా కంపెనీ కోర్టుల అవసరార్థం 1791లో ఇంగ్లీషులో వెలువరించాడు.

బాకీదారు విషయంలో హనఫీ ఫుఖహాలు మరింత సూక్ష్మంగా ఆలోచించారు. ఉండీ ఇవ్వనివాడు వేరు, లేక ఇవ్వలేనివాడు వేరు. మొదటివాణ్ణి నిర్బంధించవచ్చు, రెండవవాడికి గడువివ్వాలని దివ్య ఖురాన్ (2:280) ఆదేశం. రెండు మూడు నెలల నిర్బంధం తర్వాత అతని స్థితిగతులు విచారించి, లేమి రుజువైతే విడిచిపెట్టాలన్నారు. అతన్ని కొట్టడం గానీ, సంకెళ్లు వేయడం గానీ కూడదన్నారు.

గ్రంథానికీ గోడకూ మధ్య

ఈ ఆదేశాలలో కొన్ని ఆచరణలోకి వచ్చాయి. అబ్బాసీ ఖలీఫా ముఅతజిద్ (పాలన క్రీ.శ. 892-902) లెక్కలలో ఖైదీల పోషణకు నెలకు 1,500 దీనార్లు కేటాయించారు. పదవ శతాబ్ది ఆరంభంలో వజీరు అలీ బిన్ ఈసా, ప్రధాన వైద్యుడు సినాన్ బిన్ సాబిత్‌కు ఉత్తరం వ్రాసి, ఖైదీలు కిక్కిరిసి ఉన్నందున జబ్బు పడతారనీ, తమంతట తాము వైద్యుణ్ణి పిలిపించుకోలేరనీ, కనుక వైద్యులు ప్రతిరోజూ మందులతో చెరసాలలకు వెళ్లాలనీ ఆదేశించాడు.

కానీ గ్రంథంలోని మాట అన్ని చోట్లా గోడల లోపలికి చేరలేదు. ఖాజీ చెరసాల వేరు, గవర్నరు చెరసాల వేరు. ఖాజీ జాబితా మొదటిదాని దాకానే నడిచింది. రెండవదానిలో పాలకుడి కోపమే చట్టమైన సందర్భాలు అనేకం. పదకొండవ శతాబ్దపు ఇమామ్ సర్ఖసీ పాలకుడికి హితవు చెప్పిన పాపానికి ఉజ్జంద్‌లో పదేళ్లకు పైగా చెరలో గడిపారు. ‘మబ్సూత్’ వంటి మహాగ్రంథాన్ని గోతిలోంచి, పైన కూర్చున్న శిష్యులకు చెప్పి వ్రాయించారు. నిర్బంధపు హద్దులు నిర్ణయించిన ఫిఖ్హ్, ఆ విధంగా హద్దు మీరిన నిర్బంధంలోనే విస్తరించింది.

కైరో చెరసాలల గురించి మఖ్రీజీ (మరణం క్రీ.శ. 1442) వ్రాసినది చదివితే మనసు కలుక్కుమంటుంది. తన కాలంలో జరుగుతున్నట్లు పెద్ద గుంపును ఇరుకు చోట కూర్చడం, వుజూ, నమాజులకు కూడా వీలులేకుండా చేయడం, ఒకరి నగ్నత్వం ఒకరికి కనబడే స్థితిలో ఉంచడం ముస్లిములలో ఎవరి దృష్టిలోనూ ధర్మసమ్మతం కాదని ఆయన తీర్పు. అబూ యూసుఫ్ నిషేధించమన్న సంకెళ్ల బిచ్చం ఆరు శతాబ్దాల తర్వాత కైరో వీధుల్లో సాగుతూనే ఉంది. జువైలా ద్వారం దగ్గరి ‘ఖిజానతు షమాయిల్’ చెరలో ఒకప్పుడు నల్లులతో, పేలతో నరకం అనుభవించిన షేఖ్ అనే మమ్లూక్ అధికారి, తనకు రాజ్యం దక్కితే ఆ చోటును మస్జిదుగా మారుస్తానని మొక్కుకున్నాడు. సుల్తాను అయ్యాక (పాలన క్రీ.శ. 1412-1421) మాట నిలుపుకున్నాడు. ఆ మస్జిదు నేటికీ ఉంది. కానీ తాను అనుభవిస్తే తప్ప పాలకుడికి ఖైదీ బాధ తెలియకపోవడం ఎంతటి విషాదం!

నేటి పాఠం

భారతదేశంలో 1894 నాటి జైళ్ల చట్టం, 27వ సెక్షన్‌లో, స్త్రీలను పురుషుల నుంచి, చిన్న వయసువారిని పెద్దల నుంచి, విచారణ ఖైదీలను శిక్ష పడినవారి నుంచి, సివిల్ ఖైదీలను నేరస్థుల నుంచి వేరుగా ఉంచాలని నిర్దేశించింది. వీటిలో స్త్రీల విభజన, బాకీదారుల విభజన ఉమర్ బిన్ అబ్దుల్ అజీజ్ ఉత్తరాల్లో అంతకు పదకొండు వందల డెబ్బయి ఏళ్ల ముందే ఉన్నాయి. ఇది గర్వకారణమే. కానీ గర్వం దగ్గర ఆగిపోతే చరిత్ర చదివిన ప్రయోజనం లేదు.

వర్గీకరణ రెండు వైపులా పదునున్న కత్తి. కాపాడడానికి గీసిన గీతే అవమానించడానికీ పనికివస్తుంది. వంటపని ఒక కులానికి, పాకీపని మరొక కులానికి అంటూ, కులాన్ని బట్టి బ్యారక్‌లు వేరుచేస్తూ పలు రాష్ట్రాల జైలు నియమావళులలో ఉన్న నిబంధనలు రాజ్యాంగ విరుద్ధమని సుప్రీంకోర్టు 2024 అక్టోబరు 3న కొట్టివేసింది. జైలు రిజిస్టర్లలో కులం గడినే తీసివేయమన్నది. రిజిస్టరులో ఏ గడి ఉండాలన్నది చిన్న విషయం కాదని దీనివల్ల తెలుస్తుంది. ఖస్సాఫ్ చెప్పిన జాబితాలో పేరు, తండ్రి పేరు, కారణం, ఫిర్యాది ఉన్నాయి. ఆ గడులు విడుదలకు దారి చూపేవి. కులం గడి చూపేది పాకీపనికి దారి.

ప్రభుత్వ లెక్కల ప్రకారం 2022 చివరికి దేశంలోని జైళ్లలో 5,73,220 మంది ఉండగా, వారిలో 4,34,302 మంది విచారణ ఖైదీలే. ఉన్న చోటు 4,36,266 మందికి మాత్రమే. నలుగురిలో ముగ్గురు ఇంకా నేరస్థులుగా రుజువు కానివారన్నమాట. జైళ్లు నిండడానికి కారణం ఖైదీల సంగతి విచారించకపోవడమేనన్న అబూ యూసుఫ్ మాటను ఈ అంకెల పక్కన పెట్టి చదవాలి. ఎన్ని బ్యారక్‌లు కట్టినా, ఎన్ని తరగతులుగా విభజించినా, ఇతడు ఇక్కడ ఎందుకున్నాడన్న ప్రశ్న వేసేవారు లేకపోతే ఆ విభజన వట్టి అమరికే అవుతుంది.

చెరలో తనతో ఉన్నవాడు విడుదలవుతుండగా హజ్రత్ యూసుఫ్ (అలై), యజమాని దగ్గర తన ప్రస్తావన తెమ్మని కోరారు. అతడు మరచిపోయాడు. ఆయన మరికొన్నేళ్లు చెరలోనే ఉండిపోయారని దివ్య ఖురాన్ (12:42) తెలుపుతోంది. ఒక నిర్దోషి ఏళ్ల తరబడి మగ్గిపోవడానికి ఒక మనిషి మరపు చాలింది. ఫుఖహాలు పేర్లు వ్రాయమన్నది, చాటింపు వేయమన్నది, నిత్యం విచారించమన్నది ఆ మరపుకు విరుగుడుగానే.