లేరన్న మాటకు ప్రత్యుత్తరము

నైజాము రాష్ట్రమున తెలుగు కవులే లేరని యొక పండితుడు వ్రాసెను. అట్టి మాటకు ఖండన వ్యాసము నొకదానిని ప్రకటించి యూరకుండుట సులభము. సురవరము ప్రతాపరెడ్డిగారు అంతటితో తృప్తిపడలేదు. తమ గోలకొండ పత్రిక ద్వారా కవుల వివరములను, పద్యములను ఊరూరినుండి తెప్పించిరి. 1934లో వెలువడిన గోలకొండ కవుల సంచికలో 354 మంది కవులు కలరు. లేరన్న మాటకు వారి పేళ్లే సమాధానమయ్యెను.

ప్రతాపరెడ్డిగారు 1896లో కృష్ణా తుంగభద్రల నడుమనున్న నడిగడ్డ సీమలో జన్మించిరి. మద్రాసులో చదివి పట్టభద్రులై, హైదరాబాదు చేరి, 1926లో గోలకొండ పత్రికను స్థాపించిరి. ఆనాడు సర్కారు కచ్చేరీలలో ఉర్దూయే వ్యవహారభాష. ఉస్మానియా విశ్వవిద్యాలయమున బోధనయు ఉర్దూలోనే. ఉర్దూ చక్కగా నెరిగిన ప్రతాపరెడ్డిగారు, తెలుగువానికి తెలుగులో చదువుకొను వీలుండవలెనని పట్టుపట్టిరి. 1930లో జోగిపేటలో జరిగిన ప్రథమ ఆంధ్ర మహాసభకు అధ్యక్షత వహించినదియు వారే.

కవుల లెక్క తేలినది. కాని అంతకంటె పెద్ద లోటు మరియొకటి కలదు. మన చరిత్ర గ్రంథములలో రాజులు కలరు, యుద్ధములు కలవు. దున్నినవాడు, నేసినవాడు, అంగడి పెట్టినవాడు కానరారు. వారిని వెదకుటకు ప్రతాపరెడ్డిగారు కావ్యములను ఆశ్రయించిరి. ఇతరులు అలంకారముల కొరకు చదివిన గ్రంథములలో వారు జనుల తిండిని, బట్టను, ఆటపాటలను, నమ్మకములను ఏరి చూచిరి. క్రీడాభిరామమున ఓరుగల్లు వీధులు, పండితారాధ్య చరిత్రమున నాటి వేడుకలు, హంసవింశతిలో వృత్తులవారి పరికరములు వారికి సాక్ష్యములయ్యెను. తూర్పు చాళుక్యుల కాలమునుండి 1907 వరకు సాగిన ఆ పరిశోధనయే 1949 నాటి ఆంధ్రుల సాంఘిక చరిత్ర.

ఈ పద్ధతిలో చిక్కు లేకపోలేదు. కవి వర్ణనలో అతిశయోక్తి యుండును; పేదవాని గుడిసెను కవి దూరమునుండియే చూచి యుండవచ్చును. అయినను శాసనము దానమిచ్చిన ప్రభువును చెప్పి యూరకున్న చోట, ఆ ఊరి జనులు ఏమి తినిరో తెలుపుటకు కావ్యమే దిక్కు.

1952లో వనపర్తినుండి శాసనసభకు ఎన్నికైన ప్రతాపరెడ్డిగారు మరుసటి యేడు, 1953లో కీర్తిశేషులైరి. కేంద్ర సాహిత్య అకాడమీ తెలుగునకు ఇచ్చిన తొలి పురస్కారము 1955లో ఈ గ్రంథమునకే లభించెను; అందుకొనుటకు వారు లేరు.

మన యింటి ముసలమ్మ చెప్పు సామెత, పిల్లలు మరచుచున్న ఆట, పండుగనాటి వంట—ఇవి యన్నియు చరిత్రకు పనికివచ్చు సామగ్రియేయని వారి గ్రంథము నేర్పినది. వ్రాసి యుంచువారు లేనినాడు, రేపు మరియొకడు వచ్చి ఇవియు లేనేలేవనును.