తిరుపతి గంగజాతర

ఎండలు ముదిరి, పొలము పనులు సడలిన వేళ తిరుపతియందు తాతయ్యగుంట గంగమ్మ జాతర జరుగును. మే నెలలో ఒక మంగళవారము రాత్రి చాటింపుతో మొదలై, మరుసటి వారము ముగియును.

పూర్వమొక పాళెగాఁడు ఊరి స్త్రీలను చెఱపట్టుచుండెనఁట. అవిలాలలో కైకాలవారింటఁ బెరిగిన గంగమ్మ వానిని శిక్షింపఁ బూనఁగా వాఁడు దాఁగెను. ఆమె దినమునకొక వేషము దాల్చి వెదకెను. బైరాగి, బండ, తోటి వేషములఁ జూచి వాఁడు కదలలేదు. దొరవేషముఁ జూచి, తన ప్రభువే వచ్చెనని వెలికివచ్చి హతుఁడయ్యెను. నేఁటికిని జనులు ఆ క్రమముననే వేషములు ధరించి వీథులఁ దిరుగుదురు. పురుషులు స్త్రీవేషములును వేసికొందురు.

ఈ కథ జనుల నోట నిలిచినది. 1801వ సంవత్సరమున ఆర్కాటు నవాబుల సీమ కుంఫిణీవారి వశమయ్యెను. పిదపఁ బాళెగాండ్ర అధికారమును అంతరించెను. ఊరు పడిన బాధ మాత్రము జాతరలో మిగిలినది.

దొరవేషము మఱునాఁడు మాతంగి వేషము. చంపిన గంగమ్మయే పాళెగాని యింటి యాఁడువారి నోదార్చెనని చెప్పుదురు. దుష్టుని దండింపవలెను, వాని యింటివారి కన్నీరును దుడువవలెను. మీ మనుమలు వేషములఁ జూచి నవ్వునపుడు, ఈ రెండవ మాటయుఁ జెప్పుఁడు.