గాస్ టర్బైన్ భాగాల అరుగుదల: గంటల లెక్క నుంచి కొలత దాకా

జెట్ ఇంజన్ ఎలా పుట్టిందో అందరూ చెబుతారు. దాన్ని ఎప్పుడు విప్పి చూడాలన్న ప్రశ్నకూ ఒక చరిత్ర ఉంది. ఈ భాగంలో దాన్ని పరిశీలిద్దాం.

1944లో యుద్ధంలోకి దిగిన జర్మన్ మెసర్‌ష్మిట్ 262 విమానానికి యూమో 004 ఇంజన్లు అమర్చారు. వాటి ఆయుష్షు సుమారు 10 నుంచి 25 గంటలే. నికెల్, క్రోమియం కొరత వల్ల దహన గదులను మామూలు ఉక్కుతో చేసి, పైన అల్యూమినియం పూత వేశారు. అలాంటి ఇంజన్‌కు అరుగుదలను కొలిచే అవసరమే రాలేదు. గంటలు నిండగానే మార్చేయడమే పద్ధతి.

యుద్ధం తరువాత మంచి మిశ్రలోహాలు వచ్చి ఆయుష్షు పెరిగింది కాని, గంటల లెక్క మాత్రం పోలేదు. నిర్ణీత గంటలు తిరిగిన ఇంజన్‌ను, బాగున్నా లేకున్నా, పూర్తిగా విప్పి ఓవర్‌హాల్ చేసేవారు. పాతబడే కొద్దీ చెడిపోయే అవకాశం పెరుగుతుందన్నది దీని వెనుక నమ్మకం. వినడానికి సబబుగానే ఉంటుంది కదా! అమెరికాలోని యునైటెడ్ ఎయిర్‌లైన్స్ ఇంజనీర్లు నోలన్, హీప్ 1978లో ఆ దేశ రక్షణ శాఖకు ఇచ్చిన నివేదిక ఈ నమ్మకాన్ని కదిలించింది. వారు పరిశీలించిన విమాన భాగాల్లో 89 శాతానికి వయోపరిమితి పెట్టడం వల్ల ప్రయోజనం కనిపించలేదు. టర్బైన్ ఇంజన్ల విషయంలో లోపాలు వయసుతో మెల్లగా పెరిగినా, ఇక్కడి నుంచి ప్రమాదం అని గీత గీయగల వయసు దొరకలేదు.

అయితే గంటలకు బదులు దేన్ని చూడాలి? భాగం ప్రస్తుత స్థితిని. ఎర్రగా కాలుతూ అతివేగంగా తిరిగే టర్బైన్ రెక్క, అపకేంద్ర బలం లాగుడుకు కొద్దికొద్దిగా సాగుతుంది. దీన్ని క్రీప్ అంటారు. ఇంజన్ విప్పినప్పుడు రెక్క పొడవు కొలిస్తే ఈ సాగుదల తెలుస్తుంది. బోరోస్కోప్ అనే సన్నని గొట్టాన్ని చిన్న రంధ్రంలోంచి దూర్చితే, ఇంజన్‌ను విప్పకుండానే రెక్కల కాలుడు, పగుళ్లు కంటికి కనిపిస్తాయి. నూనెలో చేరిన లోహపు రజను బేరింగుల అరుగుదలను చెబుతుంది. ఎగ్జాస్ట్ ఉష్ణోగ్రత పెరుగుతూ పోతే ఇంజన్ సామర్థ్యం తగ్గుతోందని అర్థం.

రెక్కలను పట్టి ఉంచే డిస్కుల సంగతి వేరు. డిస్కు పగిలితే దాని ముక్కలను ఇంజన్ తొడుగు ఆపలేదు. అందుకే వాటికి నేటికీ కచ్చితమైన పరిమితి ఉంది. దాన్ని సైకిళ్లలో, అంటే ఇంజన్ ఎన్నిసార్లు పూర్తి శక్తి అందుకుని మళ్లీ ఆగిందన్న లెక్కలో, నిర్ణయిస్తారు.

ఆ జాగ్రత్త కూడా చాలలేదు. 1989 జులై 19న డెన్వర్ నుంచి షికాగోకు వెళుతున్న యునైటెడ్ 232 విమానంలో తోక ఇంజన్ ఫ్యాన్ డిస్కు పగిలింది. ముక్కలు మూడు హైడ్రాలిక్ వ్యవస్థలనూ దెబ్బతీశాయి. సూ సిటీలో దిగే ప్రయత్నంలో విమానం కూలి వందమందికి పైగా మరణించారు. ఆ డిస్కు పరిమితి 18,000 సైకిళ్లు. పగిలింది 15,503 వద్ద. టైటానియం తయారీలోనే మిగిలిన లోపం నుంచి పగులు మొదలైంది. ప్రమాదానికి 760 సైకిళ్ల ముందు, ద్రవం పూసి అతినీలలోహిత కాంతిలో పగుళ్లు వెతికే పరీక్ష జరిగింది. అప్పటికే పగులు పొడవు దాదాపు అరంగుళం. పరీక్షకుడికి అది కనిపించలేదు. మనిషి దృష్టికి, ఏకాగ్రతకు ఉన్న పరిమితులను సంస్థ తగినంతగా పట్టించుకోలేదని దర్యాప్తు తేల్చింది.

1996 జులై 6న పెన్సకోలాలో డెల్టా విమానం ఫ్యాన్ హబ్ టేకాఫ్ సమయంలో పగిలి ఇద్దరు ప్రయాణికులు చనిపోయారు. ఆ హబ్‌కు రంధ్రం తొలిచినప్పుడు లోహం దెబ్బతింది. అక్కడ మొదలైన పగులు కూడా అదే రకం పరీక్షలో దొరకలేదు.